పాటల ఫోను

శుక్రవారం పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి పాటల ఫోను లేదు. ఛార్జరు మాత్రం గోడకి వేలాడుతోంది.

పెడనలో దుప్పట్ల మీద కలంకారీ అచ్చులు వేసే షెడ్డు అది. పాత ఫోను కోసం పోలీసుల దగ్గరికి ఎవరు వెళ్తారు? మేస్త్రి కొండలరావే విచారణ మొదలుపెట్టాడు.

"తీసినవాళ్ళు మాట్లాడకుండా తెచ్చి పెట్టేయండి. సాయంత్రం ఓనరు గారొస్తారు. ఎవరని తేలితే వాళ్ళు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నారు."

పది బల్లల దగ్గరున్న పదిమందీ అచ్చులు అందుకున్నారు.

ఆ ఫోనులో పాటలు ఊరికే రావు. పదిమందీ తలా కాస్త వేసుకుని పాటల రేడియోకి నెలనెలా కట్టేవాళ్ళు. మొదట్లో రోజంతా పాటలే. ఆర్నెల్ల కిందట పాటకీ పాటకీ మధ్య ప్రకటన మొదలైంది. తర్వాత పాట మధ్యలోకే వచ్చేసింది. రేటు కూడా పెరిగింది. ఫోన్ చేసి అడిగితే, ప్రకటనలు లేకుండా కావాలంటే పై ప్లాను తీసుకోండి సార్ అని తియ్యగా చెప్పారు. అవి లేకుండా వినడానికే కదా ముందు కట్టిందని ఎవడితో చెప్పుకోవాలి?

వాళ్ళకి పాట సరదా కోసం కాదు. దరువుకో అచ్చు. దరువుతో చెయ్యి లేస్తుంది, దరువుతో దిగుతుంది. పల్లవి మధ్యలో ఎవడో దూరి సిమెంటు అమ్మడం మొదలుపెడితే చెయ్యి తడబడుతుంది. పువ్వు మీద పువ్వు ఎక్కుతుంది. దుప్పటి పాడు.

అందరివీ పాడవుతూనే ఉన్నాయి. అబ్దుల్ జబ్బార్‌వి మరీ ఎక్కువ. ముప్ఫై ఏళ్ళుగా అచ్చు వేస్తున్న మనిషి. ఒక్క నెలలో నాలుగు దుప్పట్లు పోయాయి. ఓనరు మధుసూదనరావు ఇంకొకటి పోతే చూసుకోమన్నాడు. ఆ రోజు నుంచి జబ్బార్ ప్రకటనల్ని తిట్టినట్టు షెడ్డులో ఎవరూ తిట్టలేదు.

అందుకే కొండలరావు నేరుగా ఆయన బల్ల దగ్గరికే వెళ్ళాడు.

"జబ్బార్ గారూ, ఏమనుకోవద్దు. నిన్న చివర్న వెళ్ళింది మీరే."

"మీ మనసులో ఉన్నది అడిగేయండి మేస్త్రి గారూ."

"ఆ ఫోన్ని పట్టుకెళ్ళి కాలవలో పడేస్తానని మీరన్నారా లేదా?"

"అన్నాను. పదిసార్లన్నాను. పడేశానా? ఆర్నెల్లు పళ్ళు బిగపట్టుకుని ఊరుకున్నాను. మొన్న రాత్రి మీరు పై ప్లాను కట్టారు. నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క ప్రకటన వినపడిందా?"

"లేదు."

"మరి? నా నోటి దగ్గర కూడు తీసేది ఆ ప్రకటనలే. అవి ఆగిన రోజే ఫోను ఎత్తుకుపోతానా? నాకేమన్నా పిచ్చా?"

పక్క బల్ల నుంచి లీలావతి అందుకుంది. "అది నిజమేనండీ మేస్త్రి గారూ. ఇంతమందిలో ఆ పాటలు నిలవాలని కోరుకునేది ఎవరంటే ఆయనే."

ఆ మాట కొండలరావుకీ సబబుగానే తోచింది. అయినా మేస్త్రి కాబట్టి జబ్బార్ సంచీ చూశాడు. టిఫిన్ క్యారేజీ, తువ్వాలు. క్యారేజీ మూత కూడా తీసి చూశాడు. వంకాయ కూర.

"తప్పుగా అనుకున్నాను. క్షమించండి" అన్నాడు.

"కంపెనీ వాళ్ళే మనిషిని పంపి ఎత్తించుంటారు. ఒక ఫోను పెట్టుకుని పదిమంది వింటుంటే వాళ్ళ కడుపు మండదూ?" అన్నాడు జ్ఞానయ్య వెనక బల్ల నుంచి. ఎవరూ నవ్వలేదు. నిజమే అయ్యుంటుందని ఇద్దరు ముగ్గురు అనుకున్నారు.

ఆ రోజంతా షెడ్డులో చెక్క చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. దరువు లేక ఎవరి చెయ్యీ కుదరలేదు. సాయంత్రానికి తొమ్మిది దుప్పట్లు పాడయ్యాయి. జ్ఞానయ్యవి రెండు, లీలావతివి రెండు, జబ్బార్‌వి రెండు, మిగతావాళ్ళవి మూడు. ఓనరు వచ్చి ఒక్కొక్కటీ విప్పి చూశాడు. ఇంతమందిని ఒకేసారి ఏమంటాడు? కొత్త ఫోను ఈ నెలలో కొనేది లేదని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

జబ్బార్ గోడ వెంట చెయ్యి ఆనించుకుంటూ ఇంటికి నడిచాడు. భార్య జహీదా బియ్యం డబ్బా ముందు కూర్చుని ఉంది. ఆమె చేతిలో పాటల ఫోను.

"ప్రకటనలు ఆగిపోయాయని నిన్న మీరేగా చెప్పారు. మరి దీన్నెందుకు తెచ్చారండీ?"

"ఆగిపోయాయి కాబట్టే తెచ్చాను. ఫోను అక్కడే ఉంటే అందరి తప్పులూ ఆగిపోతాయి, నావి ఆగవు జహీదా, నాకు బట్ట మీద పువ్వు కనపడి ఆర్నెల్లయింది."