అరువు గొంతు

1946 నవంబరు 14, గురువారం సాయంత్రం ఆటలో, రోమ్‌లోని తెస్తాచ్చో పేట సినిమా హాల్లో ఒర్సొలా లేచి నిలబడి, తెరమీది అమెరికా పోలీసును తన భర్త పేరు పెట్టి పిలిచింది.

“ఫోస్కో.”

హాలంతా నవ్వింది.

“కూర్చోవమ్మా, ఆయనది టెక్సాస్,” అన్నాడు వెనక వరసలో ఒకడు, ఉప్పు వేసిన గుమ్మడి గింజలు నములుతూ.

“పిలవనియ్యరా. మా ఆవిడ నన్నే పిలవదు,” అన్నాడు ఇంకొకడు.

ఒర్సొలా కూర్చోలేదు. పక్కనున్న ఎజిదియో నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

“ముఖం కాదు, గొంతు,” అందామె మెట్ల మీద. “అది ఫోస్కో గొంతు.”

ఎజిదియో ఆ మాట కొట్టిపారెయ్యలేదు. ఇటలీలో అమెరికా సినిమాను ఇంగ్లీషులో ఎవరూ చూడరు. తెరమీద పెదవులు అమెరికా నటులవి. మాటలు రోమ్‌లో స్టూడియో చీకట్లో నిలబడి చెప్పేవాళ్లవి. ఫోస్కో ఆ పని చేసేవాడు. పోలీసులు, బండివాళ్లు, హోటలు గుమాస్తాలు, అలాంటి చిన్న వేషాలకు గొంతు ఇచ్చేవాడు. 1942లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. మరుసటి ఏడు మేలో ట్యునీషియాలో అతని దళం లొంగిపోయింది. బందీల్లో అతను తేలలేదు. చనిపోయినవాళ్లలోనూ తేలలేదు.

సోమవారం కోర్టులో ఒర్సొలా ఆఖరి సంతకం పెట్టాలి. పెడితే ఫోస్కో చట్టం దృష్టిలో చనిపోయినట్టు. ఆమె ఎజిదియోను పెళ్లి చేసుకోవచ్చు. పాపకు కన్నతండ్రి ఇంటిపేరు వస్తుంది. ఫోస్కో బతికుంటే ఇవేవీ జరగవు. ఇటలీలో విడాకులు లేవు. పాప ఫోస్కో బిడ్డగానే లెక్క. అతను ఫిర్యాదు చేస్తే వ్యభిచార నేరం కింద ఒర్సొలాకు జైలు.

“రేపు స్టూడియోకి వెళ్దాం,” అన్నాడు ఎజిదియో. అతను ట్రాముల షెడ్డులో మెకానిక్కు.

“నీకెందుకు అక్కడ? నేను వెళ్తాలే.”

“బతికున్న మనిషిని కాగితం మీద చంపి పెళ్లి చేసుకోమంటావా? నాకు నిద్ర పట్టదు, ఒర్సొలా.”

మర్నాడు పొద్దున ముగ్గురూ వెళ్లారు. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, లోపల రికార్డింగు నడుస్తోంది. దీపం ఆరేదాకా నిలబడి ఒర్సొలా తలుపు తట్టి తన పేరు చెప్పింది. కాసేపటికి డైరెక్టరు మర్కేత్తి తనే తలుపు తీశాడు. ఫోస్కోకు పని నేర్పింది ఆయనే.

“రా అమ్మా. కింద తీగలున్నాయి, చూసి నడవండి.”

గదిలో ఒక తెర, ఒక మైకు, నాలుగు కుర్చీలు. ప్రతిధ్వని రాకుండా గోడల పొడుగునా మందపాటి కర్టెన్లు.

మర్కేత్తి పాపను చూశాడు. “ఎవరి పాప?”

“మాదే. లావీనియా,” అన్నాడు ఎజిదియో.

“ఇంటిపేరు?”

“అది తేల్చుకోవాలనే వచ్చామండీ.”

ఒర్సొలా నిన్న విన్నది చెప్పింది. చెప్పి, “మీరు అబద్ధం ఆడొద్దు,” అంది. “ఆయన బతికుంటే నేను సంతకం పెట్టను. ఎక్కడున్నా వెళ్లి తెచ్చుకుంటాను. జైలంటే జైలు. ఎజిదియోకు చెప్పేశాను.”

“పాపను నేను పెంచుతానన్నాను,” అన్నాడు ఎజిదియో. పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

మర్కేత్తి సిగరెట్టు వెలిగించాడు. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది.

“అమ్మా, ఆ సినిమాకు మాటలు ముప్పై ఎనిమిదిలో చెప్పించాం. ఆ ఏడు చివర్లో కొత్త చట్టం వచ్చింది, అమెరికా కంపెనీలు సినిమాలు ఆపేశాయి. డబ్బాలు కింది గదిలో పడి ఉన్నాయి. ఇప్పుడు బూజు దులిపి వదులుతున్నారు. నువ్వు విన్నది యుద్ధానికి ముందు గొంతు.”

“అప్పుడు ఆయన గొంతు ఇంత బొంగురుగా లేదు.”

“ఫిల్ము అరిగితే అలాగే వినిపిస్తుంది.”

“ఒక్కసారి వినిపించండి.”

మర్కేత్తి ఆపరేటరును పిలిచి ఆ సినిమా కాపీ తెప్పించాడు. ఆ ముక్క కోసి, రెండు కొసలూ అతికించి, చక్రంలా తిప్పమన్నాడు. స్టూడియోల్లో అది మామూలే. గొంతు ఇచ్చేవాడికి మాట నోటికి వచ్చేదాకా అదే ముక్క తిరుగుతుంది.

తెరమీద పోలీసు తుపాకీ బెల్టు కట్టుకుంటూ గుమ్మంలో భార్యతో అన్నాడు: “నా కోసం కాచుకోకు. నువ్వు తినేసెయ్.”

మళ్లీ అన్నాడు. మళ్లీ అన్నాడు.

“చాలేమో,” అన్నాడు ఎజిదియో మెల్లగా.

ఒర్సొలా తల అడ్డంగా ఊపింది. ఇంకా కాసేపు విని, తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంది.

“నిజమే. పెళ్లికి ముందుదే,” అంది. “నన్ను చేసుకున్నాక ఆ మాట అనగలిగేవాడు కాదు. నేను పక్కన కూర్చోకపోతే ముద్ద దిగేది కాదు ఆయనకు.”

మర్కేత్తి చెయ్యెత్తాడు. ఆపరేటరు యంత్రం ఆపాడు.

“మీరు ఆయనకు పెద్దదిక్కు,” అంది ఒర్సొలా. “సంతకం పెట్టమంటారా?”

“పెట్టమ్మా.”

“ఆయన ఏమీ అనుకోడుగా?”

“అనుకోడు.”

ఎజిదియో టోపీ తీసి నమస్కరించాడు. పాప నిద్ర లేచి మర్కేత్తి గడ్డం పట్టుకుంది. ఆ వేళ్లు విడిపించడానికి ఆయనకు కాస్త సేపు పట్టింది. ముగ్గురూ మెట్లు దిగి వీధి దాటి ట్రాము ఎక్కేదాకా ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత తలుపు గడియ వేసి, మైకు వెనకకు నడిచి, కర్టెను పక్కకు లాగాడు.

“వెళ్లిపోయారు, ఫోస్కో.”