నాయిన అడిగిన పంపు

“పంపు!”

ఆశీర్వాదం నోట్లకెళ్లి మాట వచ్చింది. బిడ్డ దోర్క చేతుల ఉన్న పాత బెల్టు కింద పడేసి, కుర్చీ కాడికి ఉరికింది.

“ఇన్నవా రవీ? నాయిన మాట్లాడిండు! పంపు అన్నడు!”

“అంటే ఏందట?” అన్నడు ఆమె పెనిమిటి రవికుమార్. బోనెట్ లేపిన పాత మారుతి పక్కన చాయ కప్పు పట్టుకొని నిలబడ్డడు.

“ఏందేంది? వాటర్ పంపు! టైమింగ్ బెల్టు ఇప్పినప్పుడే పంపు గూడ మార్చాలె. రేపు పంపు కారితే మళ్ళ బెల్టంత ఇప్పాలె. నాయిన ఎప్పుడైనా రెండూ కలిపే మార్చేటోడు.”

“పంపు మంచిగనే ఉంది గదనే, ఒక్క సుక్క కారుతలేదు. అయినా షెడ్డుల ఇస్తే పూటల అయిపోయే పని. చర్చి నుంచి వచ్చి, చీర మార్చి, గీ గ్రీసుల చేతులు పెట్టుడెందుకు?”

“షెడ్డుల ఇస్తే నాయిన సూస్తడా?”

అదీ సంగతి మరి. నాచారం ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు ఫిట్టరు పని జేసిన ముసలాయనకు నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇష్టమైన పని కండ్ల ముందట చేస్తుంటే మాట రావచ్చని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. దోర్క బడిల సైన్సు టీచరు, పెద్ద పెద్ద ఆశలు పెట్టుకునే మనిషి కాదు. నాయిన ఒక్కసారి ‘దోర్కా’ అని పిలిస్తే చాలు ఆమెకు.

“జర ఉప్పల్ దాక పోయి పంపు తీస్కరా, నీకు దండం పెడత,” అన్నది.

ఆదివారం కదా, ఉప్పల్ల సగం దుకాణాలు బంద్. రవికుమార్ తిరిగి తిరిగి ఒక పంపు పట్టుకొచ్చేసరికి గంటన్నర అయింది. గంతసేపట్ల దోర్క రేడియేటర్ నీళ్ళు బకెట్ల పట్టింది, పాత పంపు ఇప్పింది.

బోల్టులు ఇప్పే నాయిన పానాలన్నీ అమ్మ పాత చీర ముక్కల చుట్టి ఉన్నయి. అమ్మ మరియమ్మ పోయి ఎనిమిదేండ్లయింది గాని ఆ ముక్క మీద నీలం పూలు ఇంకా కనవడుతున్నయి. దోర్క దాన్ని ముక్కు కాడ పెట్టుకొని వాసన సూసింది. ఒట్టి గ్రీసు వాసనే. అయినా ఏడుపొచ్చింది. ఆ రోజులే వేరు. ఆదివారం చర్చి కాగానే చిల్కానగర్ల గీ వాకిట్లనే బోనెట్ లేచేది. వంటింటి కిటికీలకెళ్లి మటన్ కూర వాసన వచ్చేది. నాయిన కారు కిందికెళ్లి మాట్లాడుతుంటే, అమ్మ కిటికీలకెళ్లి జవాబు చెప్పేది.

“ఇగో నాయినా, నువ్వడిగిన పంపు,” అని కొత్తదాన్ని ఆయన ఒళ్ళె పెట్టింది దోర్క.

ఆశీర్వాదం దాని దిక్కు సూసిండు. మొకం చిట్లించిండు. మంచిగున్న చేత్తోని పక్కకు నూకిండు. “పంపు!”

“కంపెనీ నచ్చలేదేమో మామకు,” అన్నడు రవికుమార్.

“అయ్యుంటది. నాయినకు దొంగ మాలు దూరం నుంచే ఎరికైతది.”

“దోర్కా, నేను పరాచికమాడిన!”

“నేను ఆడుతలేను. పో, అసలుది తీస్కరా.”

పాపం, మళ్ళ పోయిండు. దుకాణపాయన నవ్వుకుంట ఇంకో డబ్బ ఇచ్చిండట. ఆ రెండో పంపును గూడ ముసలాయన ఒక్క సూపు సూసి పక్కన పెట్టేసిండు. “పంపు, పంపు,” అని గొణుక్కుంట వంటింటి దిక్కు మొకం తిప్పుకున్నడు.

“ఇగ మూడోది నేను తేను. నీ ఇష్టం,” అన్నడు రవికుమార్.

దోర్క పండ్లు బిగవట్టి ఆ పంపునే ఎక్కించింది. పైబోల్టులన్నీ బిగిసినయి. కింద మూలకున్న ఒక్కటి మిగిలింది. దానికి చెయ్యి పట్టాలంటే ఇంజన్‌కు, బాడీకి నడుమ నాలుగు వేళ్ల సందుల దూరాలె. ఫోను టార్చి పండ్ల నడుమ పెట్టుకొని దూర్చింది. మణికట్టు కాడ ఇరికింది. గుంజుకుంటే తోలు లేచింది.

“పదేండ్ల పిల్లప్పుడు గీ కారుల గిదే బోల్టు చిటికెల బిగించేదాన్ని,” అన్నది చెయ్యి ఊదుకుంట. “నాయిన చెయ్యి పట్టకపోయేది, నా చెయ్యి పట్టేది. ఇప్పుడు నాదీ పడుతలేదు.”

మళ్ళొకసారి దూర్చింది. బోల్టు జారి టంగుమని లోపల్నే ఎక్కడ్నో పడ్డది.

“సాలు ఇగ. రేపు షెడ్డాయనను పిలుద్దాం,” అన్నడు రవికుమార్ మెల్లగ.

దోర్క నాయిన ముందట మోకాళ్ళ మీద కూసున్నది. మొకమంత మసి. “నాయినా, నా దిక్కు సూడు. నేనెవరిని? పంపు గింపు వద్దు, నా పేరు చెప్పు. ఒక్కసారి.”

ఆశీర్వాదం ఆమెను సూసిండు. ఎవరో కొత్త మెకానిక్‌ను సూసినట్టు సూసిండు. దోర్క తల కిందికేసుకొని ఏడ్చింది.

ముసలాయన ఇంజన్ దిక్కు సూసిండు. ఇసుగ్గ నాలుక చప్పరించిండు. మెడ వంటింటి కిటికీ దిక్కు తిప్పి, నాలుగు నెలల మాట అంత ఒక్కసారే కట్ట తెగినట్టు, గట్టిగ కేకేసిండు:

“మరియా! మూల బోల్టు పడిపోయిందే, నా చెయ్యి పడుతలేదు! ఎంతసేపటి సంది మొత్తుకుంటున్న, దోర్కను పంపు!”