వేడి తగిలితే

బొగ్గు కాలేటప్పుడు లేచే గంధకపు వాయువును మింగడానికి ఆ ప్లాంటులో గుళికలు వాడతారు. కడుపు నిండిన గుళికలను వేడి చేస్తే మింగిందంతా కక్కేసి మళ్లీ పనికొస్తాయి. ఆ వేడిచేసే కొలిమి దగ్గరే అతని జుట్టు నెరిసింది.

ఆ రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి పిల్ల పక్కన దుప్పట్లోకి దూరాడు. కాసేపటికే పిల్ల దగ్గడం మొదలుపెట్టింది.

"మీరు పక్కనుంటేనే దీనికి దగ్గు," అంది భార్య నిద్రమత్తులో. "ఫ్యాక్టరీని ఇంటికి మోసుకొస్తున్నారా ఏంటి? స్నానం చేశారా అసలు?"

"రెండుసార్లు ఒళ్లు తోముకున్నాను మహాతల్లీ!"

ఒళ్లు వెచ్చబడేకొద్దీ అతనికి కాలిన అగ్గిపుల్ల వాసన, కొలిమి దగ్గరి గంధకపు వాసన తగిలింది. లేచి, కొక్కానికున్న చొక్కాకు తగిలించిన ప్లాంటువాళ్ల బిళ్ల చూశాడు. గ్యాసు తగిలితే ఎర్రబడే కాగితం అందులో ఉంటుంది. అది తెల్లగానే ఉంది. హమ్మయ్య అని ఊపిరి వదిలాడు.

ఆ ఊపిరి తగిలినచోట కాగితం ఎర్రబడింది.

ఇన్నేళ్లూ గుళికలతోపాటు తనూ మింగుతూనే ఉన్నాడు.

చప్పుడు కాకుండా వరండాలోకి వెళ్లి చల్లటి గచ్చుమీద పడుకున్నాడు. ఒళ్లు చల్లారాక వాసన పోయింది. ఇకనుంచి రోజూ ఇక్కడే పడుకోవాలి అనుకున్నాడు.

తలుపు కిర్రుమంది.

"నాన్నా, వణికిపోతున్నావు!" అంటూ పిల్ల దుప్పటి ఈడ్చుకొచ్చి ఇద్దరికీ ముసుగు కప్పింది. అతని మెడ చుట్టూ చేతులేసి కరుచుకుపోయింది. జ్వరంతో దాని ఒళ్లు కాలిపోతోంది.

అతను ఊపిరి బిగబట్టాడు. లోపలికి పో తల్లీ అని చెప్పాలంటే నోరు తెరవాలి.