ఎండాకాలం హాజరు

“ఎండాకాలంల ఎవడన్న బడి సురూ చేస్తడా, పెద్దాయనా?” అని అడిగాడు బద్యా.

బద్యా ఇంటి ముందు పందిరి కింద కూర్చున్న ముసలాయన నవ్వాడు.

“వానలొస్తే మీ వాగు పొంగుతుందయ్యా. నా కాళ్లు దాటలేవు. అందుకే మన కొత్త సంవత్సరం ఇవాళే.”

అది ఎనభై ఏడు, ఏప్రిల్ ఆఖరు. అశ్వారావుపేట దాటాక బస్సు దిగి, అడవిలో రెండు మైళ్లు నడిస్తే దస్రు తండా.

తండాకి సర్కారు బడి ఉంది. దానికి రెండేళ్లుగా తాళమూ ఉంది. పంతులు ఎలా ఉంటాడో ఎవరూ చూడలేదు.

ముసలాయన పేరు వెంకటప్పయ్య. సత్తుపల్లి వైపు మనిషి. అంతకు మించి చెప్పలేదు.

“జీతం తీస్కునే పంతులే వస్తలేడు. ఉత్తగనే నువ్వెందుకొచ్చినవ్? గిన్ని ఊళ్లుండంగ మా తండానే దొరికిందా?”

ముసలాయన తన సంచి పందిరి గుంజకి తగిలించాడు. పలక తుడిచి లాలి చేతికిచ్చాడు.

లాలి బద్యా కూతురు. పదేళ్లది. తల్లి లేదు. జూన్ పన్నెండున భద్రాచలంలో పరీక్ష ఉంది. అందులో నెగ్గితే హాస్టలుండే బడిలో సీటు. లేకపోతే మేకలు.

పొద్దున మొదటి బస్సుకి వచ్చి మధ్యాహ్నం బస్సుకి వెళ్లేవాడు ముసలాయన. తువ్వాలు కొసకి బెల్లం ముక్కలు కట్టుకొచ్చేవాడు. నీడ పిల్లల మీద పడేట్టు, తాను ఎండ వైపు కూర్చునేవాడు.

వారం తిరిగేసరికి ఇంకో అయిదుగురు పిల్లలు వచ్చి చేరారు. పందిరి చాల్లేదు.

“బడి తాళం పలగ్గొడదామా సారూ?” అంది లాలి.

“వద్దమ్మా. దాన్ని తీయాల్సినవాడు తీయాలి.”

మే నెల మధ్యలో జంగలాతోళ్ల జీపు, అంటే అటవీశాఖ వాళ్లది, వచ్చింది. అడవి కొట్టి ఎవరెవరు ఎంతెంత పోడు చేస్తున్నారని అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. కిందటేడు అలా వాళ్ల కాగితంలో పేరెక్కిన జైరాం ఇంకా జైల్లోనే ఉన్నాడు.

జీపు పోయాక గుసగుసలు మొదలయ్యాయి.

“మనోళ్ల పేర్లు ఎవడో రాసిస్తున్నడు.”

మర్నాడు మధ్యాహ్నం బద్యా తునికాకు మూటతో ఇంటికొచ్చాడు. తడక వెనక ఆగిపోయాడు.

“మీ నాన్న మూడెకరాలు పోడు కొట్టాడు. మీ చిన్నాన్న రెండెకరాలు కొట్టాడు. మొత్తం ఎంత?” అంటున్నాడు ముసలాయన.

“అయిదు, సారూ!”

“శెభాష్,” అని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

బద్యా మూట కింద పడేసి ఆ పుస్తకం లాక్కున్నాడు. అతనికి చదువు రాదు. వరస వరసగా ఏవో రాతలు, గీతలు.

“ఏందిది?”

“పేర్లయ్యా. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు.”

“తండ్రుల పేర్లు నీకెందుకు? జంగలాతోళ్లకు ఇయ్యనీకా?”

“కాదయ్యా, అది...”

“లే. జల్దీ నడువ్.”

“బా, సారు గట్లాంటోడు కాదు బా!” లాలి తండ్రి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు నోర్ముయ్.”

ముసలాయన మెల్లగా లేచాడు.

“కాసిని మంచినీళ్లు ఇస్తే తాగి పోతాను.”

“నా ఇంట్ల నీళ్లు లేవ్.”

నీళ్ల కుండ ఆయన పక్కనే ఉంది.

ముసలాయన కుండ వైపు చూశాడు. తర్వాత లాలి వైపు చూశాడు.

“ఏడో ఎక్కం దాకా వచ్చాం. మర్చిపోకు తల్లీ.”

ఎండలోకి వెళ్లిపోయాడు. గుంజకి తగిలించిన సంచి కూడా తీసుకోలేదు.

లాలి చెంబుతో నీళ్లు ముంచింది. బద్యా జడ పట్టుకుని వెనక్కి లాగాడు. చెంబు ఒలికిపోయింది.

పొద్దు వాలేవేళకి తునికాకు కోసేవాళ్లు చూశారు. బస్సు రోడ్డు ఇంకా అరమైలు ఉందనగా, ఇప్పచెట్టు కింద ఆయన పడి ఉన్నాడు. వడదెబ్బకి ప్రాణం పోయింది. వాళ్లలో ఎవరో ముఖం మీద ఈగలు వాలకుండా ఆకులు కప్పారు.

మర్నాడు లాలి ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు కింద పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది.

“లాలి. తండ్రి బద్యా. హాజరు. హాజరు. హాజరు.”

“హాజరంటే?”

“బడికొచ్చినట్టు బా.”

“ఇంకేం రాసిండు?”

“ఇంకేం లేదు.”

బద్యా చాలాసేపు కుండ వైపే చూస్తూ కూర్చున్నాడు.

పన్నెండు రోజుల తర్వాత గుండుతో ఉన్న ముప్పై ఏళ్ల మనిషి తండాకొచ్చాడు.

“మా నాన్న సంచి ఇక్కడ ఉండిపోయిందట.”

బద్యా చేతులు జోడించాడు.

“తప్పయింది బాబూ. పోడు లెక్కలు రాస్కపోతున్నడనుకున్న. నీళ్లు గూడ ఇయ్యలే.”

ఆ మనిషి గుంజ దగ్గరికి నడిచాడు. సంచి తెరిచాడు. బలపాలు, బెల్లం అంటిన తువ్వాలు, అడుగున ఒక తాళంచెవి.

“పరీక్ష దగ్గరికొచ్చింది సారూ. ఇంక నాకెవరు చెప్తరు?” అంది లాలి.

అతను ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

“ఆ చెవి దేనిది బాబూ?” అన్నాడు బద్యా.

“మీ బడిది.”

“మీ నాయిన దగ్గరికెట్లొచ్చింది?”

అతను తాళంచెవిని గుప్పిట్లో మూసుకున్నాడు.

“ఈ బడి పంతుల్ని నేనేనయ్యా. రెండేళ్లుగా నేను రాలేదు, అందుకని మా నాన్న వచ్చాడు.”