సూరయ్య వేలికి ఆనని ఫోను

కొత్త ఫోను కొన్న మూడో రోజుకే సూరయ్య చేతులెత్తేశాడు. పొద్దున్నే వేటకి బయల్దేరేముందు అల్లుడు ఎల్లాజీని సముద్రపు ఒడ్డుకి పిలిపించాడు.

"దీంతో నానేగలేనురా. నా ఏలు దీనికి ఆనదు. నువ్వే నొక్కు."

నలభై ఏళ్లు వల తాళ్లు లాగిన వేళ్లు మరి. తాబేలు వీపులా గట్టిపడిపోయాయి. ఎల్లాజీ పడవ నీడన చతికిలబడి పాఠం మొదలుపెట్టాడు. తడిచేత్తో నొక్కితే వినదు, లుంగీకి తుడుచుకోవాలి. చెంపకి మరీ అదిమిపెట్టి మాట్లాడకూడదు. నీళ్ల మీదకి తీసుకెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించాలి. ఎండలో కనబడకపోతే వెలుతురు పెంచుకోవచ్చు గానీ, పెంచిన కొద్దీ ఛార్జింగ్ తాగేస్తుంది.

సూరయ్య అన్నిటికీ తలూపాడు. ఒక్కటీ బుర్రకెక్కినట్టు లేదు. ప్రశ్నలకు మాత్రం లోటు లేదు.

"ఏటకెల్తే టవరు అందుతాదేటి?"

"ఒడ్డున కొండ కనబడినంత దూరం అందుతాది మావా."

"సాయంత్రం దాకా ఛార్జింగ్ ఆగుతాదా?"

"ఆగుతాది."

జవాబులు చెబుతున్నాడే గానీ ఎల్లాజీ మనసు అక్కడ లేదు. నెల రోజులుగా అతని వలకి నాచూ చెత్తా తప్ప ఏమీ తగలడం లేదు. ఈ వారం కూడా ఇంతే అయితే సోమవారం నౌపడలో రైలెక్కాలి. గుజరాత్ బోట్ల మీద కూలికి. వెళితే ఎనిమిది నెలల దాకా ఇంటి మొహం చూడడం ఉండదు. భార్య కుమారికి ఇప్పుడు ఆరో నెల. తొలి బిడ్డ పుట్టినప్పుడు దగ్గర లేకపోతే ఎలాగన్న దిగులు అతన్ని పీక్కుతింటోంది.

అదే సముద్రంలో సూరయ్య రోజూ వంజరం చేపలు తెస్తాడు. నీటి అడుగున ఎక్కడో చేపలు గుమిగూడే పెద్దరాయి ఉంది. దాని జాడ సూరయ్యకీ, అతని పడవలో వెళ్లే తమ్ముడు చినబాబుకీ తప్ప పిట్టకు కూడా తెలియదు. వాళ్ల తండ్రి పోయేముందు ఇద్దరి చేతా గంగమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. నోటితో చెప్పకూడదు. వేలితో చూపకూడదు. పడవలో ఎవర్నీ వెంట తీసుకెళ్లకూడదు. ఒట్టు తప్పితే రాయి దగ్గర చేప నిలవదట.

ఎల్లాజీ ఒకసారి సిగ్గు విడిచి అడిగాడు కూడా.

"ఒట్టురా," అన్నాడు సూరయ్య. కన్న కూతురి మొగుడికీ అదే జవాబు.

ఇప్పుడు ఆ ముసలాడి ఫోను తన చేతిలోనే ఉంది. అప్పుడే ఎల్లాజీకి దొంగబుద్ధి పుట్టింది. ఇందులోంచి తన ఫోనుకి లైవ్ లొకేషన్ పెట్టుకుంటే చాలు. మావ ఎక్కడికి పోతే అక్కడికి చుక్క పోతుంది.

"ఆ నీలం సుక్క ఏటిరా?" సూరయ్య మెడ చాచాడు.

ఎల్లాజీ ఫోను కాస్త తన వైపుకి తిప్పుకున్నాడు. "మనం ఎక్కడున్నామో సూపిస్తాది మావా."

"నీళ్ల మీద కూడానా?"

"కూడాను."

"సర్లే, నాకేటి తెలుస్తాది. సెయ్యాల్సినవన్నీ నువ్వే సేసి పెట్టు. నాను ఈ సుట్ట ముట్టించుకుంటాను."

సూరయ్య అటు తిరిగి కూర్చున్నాడు. గాలికి అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది. చుట్ట అంటుకునేసరికి ఏడు పుల్లలయ్యాయి. ఈలోగా ఎల్లాజీ నొక్కేశాడు. ఎనిమిది గంటల పాటు చుక్క కనబడేలా.

సూరయ్య పడవ కనుమరుగయ్యాక ఎల్లాజీ తన జట్టువాళ్లిద్దరితో బయల్దేరాడు. చుక్క తిన్నగా పోయింది, ఉత్తరానికి తిరిగింది, ఒకచోట ఆగింది. రెండు గంటలు అక్కడే ఉండి ఒడ్డువైపు మళ్లింది. సాయంత్రం దాకా కదలని మనిషి మధ్యాహ్నానికే రాయి ఖాళీ చేసి వెళ్లిపోవడం తన అదృష్టమే అనుకున్నాడు ఎల్లాజీ.

వల వేశాడు. లాగుతుంటే పడవ ఒక పక్కకి ఒరిగింది. అన్నీ వంజరాలే, చేతికి బరువైనవి.

ఒడ్డుకి చేరేసరికి ఊరు మూగింది. జనాన్ని తప్పించుకుని సూరయ్య ముందుకొచ్చాడు. ఒక చేప మొప్ప ఎత్తి చూశాడు.

"ఏ పక్క పడ్డాయిరా?"

ఎల్లాజీకి దొంగకి తేలు కుట్టినట్టయింది. "గాలి ఎటు తోస్తే అటు పోయినాం మావా."

"మంచి గాలే," అని సూరయ్య ఇంటిదారి పట్టాడు.

ఆ పూట ఎల్లాజీకి ముద్ద దిగలేదు. రైలెక్కే బాధ తప్పింది, నిజమే. కానీ మావ ఒట్టుని తాను తీసి గట్టున పెట్టినట్టే కదా. రేపటి నుంచి రాయి దగ్గర చేప లేకపోతే ఆ ముసలాయన మొహం ఎలా చూడాలి? సిగ్గుతో కళ్లనీళ్లు తిరిగాయి. ఉండబట్టలేక కుమారికి అంతా చెప్పేశాడు.

"మీ అయ్యకి ద్రోహం సేసినానే. ఇప్పుడే ఎల్లి కాళ్లట్టుకుంటాను."

కుమారి గిన్నెలోంచి పెద్ద ముక్క చూసి అతని కంచంలో వేసింది.

"ముందు తిను బావా," అంది. "మొన్న కోటబొమ్మాళి షాపులో మా అయ్య పక్కన నానే ఉన్నాను, 'నాను నోటితో సెప్పకండా, ఏలితో సూపకండా, నానున్న సోటు మా అల్లుడికి తెలిసే ఫోను ఏదుందిరా' అని అడిగి మరీ కొన్నాడు."