ఎవరికీ చెప్పని నంబరు

“మామా, కురిచేడు ఏటీఎంలో నిన్న నలభై వేలు తీసినావా?”

సరళ ఫోను పట్టుకుని దొడ్డి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆదిశేషు తన జీవాల్లో కలిసిపోయిన పక్కింటి పాపయ్య గొర్రెలను ఏరి బయటికి తోలుతున్నాడు. వీపు మీద నీలం చుక్క ఉన్నవి పాపయ్యవి, ఎర్ర అంకెలు ఉన్నవి తనవి. కోడలి మాట చెవిన పడగానే పట్టుకున్న గొర్రెను వదిలేశాడు.

“ఏటీఎం మొహం చూసి ఆర్నెల్లయింది. ఎవరు చెప్పినారు?”

“ఖర్చుల యాప్. ఈ నెల ఖర్చు మించిపోయిందని ఎర్రగీత చూపిచ్చింది. ఏందా అని నొక్కితే ఇది.”

నలభై వేలు. పొట్టేళ్లు అమ్మి, ఎండాకాలం మేతకని దాచిన డబ్బు. అది లేకపోతే మందను సగం రేటుకు తెగనమ్ముకోవడమే. ఆదిశేషు పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

“ఆ యాప్‌కు నా బ్యాంకు సంగతి ఎట్ల తెలిసింది?”

“నీ ఖాతాకు నా ఫోను నంబరే గదా ఇచ్చింది. మెసేజీలు నాకే వస్తాయి. అది చదువుకోని దాణాకు ఇంత, మందులకు ఇంత అని అదే లెక్క గడతాది. పోయిన నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టినామని అదే పట్టిచ్చింది మామా.”

“దానికి నువ్వేమిచ్చినావు?”

“మెసేజీలన్నీ చూడొచ్చా అని అడిగింది. సరే అని నొక్కినా.”

“సరే అంట, సరే! యాడుంటాడో తెలీనోడు మన అటకెక్కి కుండలన్నీ మూత తీసి చూస్తానంటే నువ్వు నిచ్చెనేసినావు. వాడేమన్నా నీ మేనమామ కొడుకా?”

“సులువుగా ఉంటాదని...”

“కుక్కకు వంటిల్లు అప్పగించినా సులువే. అంట్లు తోమే పని తప్పుతాది.”

గోడ అవతల పాపయ్య నవ్వు వినిపించింది.

బ్యాంకులో నాగజ్యోతి అనే ఉద్యోగిని కంప్యూటరులో చూసి తల అడ్డంగా ఊపింది.

“యాప్ వల్ల పోలేదు పెద్దాయనా. కార్డు పెట్టి, పిన్ను కొట్టి తీసినారు. నీ కార్డేది?”

“మొన్న కురిచేడు సంతలో మందను బండిలోంచి దించేటప్పుడు జేబులోంచి జారిపోయింది.”

“మరి వచ్చి చెప్పొద్దా? అప్పుడే ఆపేసేవాళ్లం!”

“ఎందుకు? పిన్ను లేని కార్డును మేక గూడా నమల్దు.”

“ఆ పిన్ను ఎవరికన్నా చెప్పినావా? యాడన్నా కాగితం మీద రాసినావా?”

“పిచ్చోణ్ణా నేను? నా పెండ్లానికే అది చచ్చేదాకా చెప్పలేదు. కాగితం మీద పెట్టలేదు, ఫోనులో పెట్టలేదు.”

నాగజ్యోతి సరళ వైపు తిరిగింది. “మెసేజీలన్నీ చూడమని ఎవరికి పడితే వాళ్లకు సరే అనకూడదమ్మా. ముందు అది తీసెయ్యి. కానీ పిన్ను మెసేజీలో రాదు. ఇది పిన్ను తెలిసినవాళ్లు చేసిన పనే.”

ఆ మాట చాలింది. ఆదిశేషు కోడలిని పాచిపోయిన కూడును చూసినట్టు చూశాడు. కొడుకు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఉంటాడు, వారానికోసారి వస్తాడు. ఇంట్లో మిగిలేది తను, ఈమె, చంకలో బిడ్డ.

“మీ తమ్ముడు కురిచేడులోనే గదా ఉండేది?”

“నాకే తెలీని నంబరు వానికెట్ల చెప్తా మామా?”

“తెలీదని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు.”

వరసలో నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. సరళ చెయ్యి పెట్టలేదు. బిడ్డ తలను కొంగుతో కప్పుకుంది.

“పెట్టదు! చూసినారా, పెట్టదు!”

నాగజ్యోతి పాత కార్డు ఆపేసి కొత్తది ఇచ్చింది. మిషను దగ్గర పిన్ను పెట్టుకోమంది. “నీకు గుర్తుండేది పెట్టుకో. ఒకరి కంట పడనియ్యొద్దు.”

ఆదిశేషు కాపలావాణ్ణి గోడవైపు తిరగమన్నాడు. సరళను బయటికి పొమ్మన్నాడు. తలమీది తువ్వాలు తీసి మిషను మీద కప్పి, దాని కింద వేళ్లు పెట్టి నొక్కాడు. మనుషులంటేనే రోత పుట్టింది ఆయనకు.

ఇంటికొచ్చాక నులక మంచం మీద కూర్చుని, కోడలి ముఖం చూడకుండానే అన్నాడు.

“మీ అమ్మగారింటికి పో. దొంగ చేతి కూడు నాకు దిగదు. నా కొడుక్కు నేను చెప్పుకుంటా.”

సరళ ఏడవలేదు. ఆయన కళ్లముందే ఫోనులోంచి యాప్ తీసేసింది. లోపలికి పోయి రెండు చీరలు, బిడ్డ గుడ్డలు సంచిలో కుక్కింది. ఆమె గడప దాటేసరికి ఎండ వాలింది. మంద మేత నుంచి తిరిగొచ్చి దొడ్డి నిండింది.

“ఓమ్మాయ్!” దొడ్డిలోంచి మామ కేకేశాడు. “ఎర్ర రంగు డబ్బా యాడ పెట్టినావో చెప్పి పో.”

“చూరులో ఉంది. ఇప్పుడెందుకు?”

“జీవాల మీద అంకెలు మార్చాల.”

సరళ ఆగింది. “మొన్న సంతకు తోలకపోయే ముందే గదా, అన్నిటికీ కొత్తగా దిద్దినావు?”

ఆదిశేషుకు అసహ్యం వేసింది. పది దాకా చదివిందంట. ఈమాత్రం తెలీదు.

“పిన్ను మారింది గదా!”