పదకొండో నడక

"ఆపు. మళ్ళీ మొదట్నించి నడిపించు," అంది పిచ్చమ్మ.

చైతన్యకృష్ణ లాప్‌టాప్ మీద మీట నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లచుక్కలు మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాయి. ముఖం లేదు, ఒళ్ళు లేదు. భుజాలు, తుంటి, మోకాళ్ళు, మడమలు ఉండాల్సిన చోట వట్టి చుక్కలు.

తన చదువేమిటో అమ్మకు చూపిద్దామని తెరిచాడతను. బయోమెడికల్, ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటే ఏమిటని ఊళ్ళో ఎవరడిగినా ఆమె "డాక్టరు లాంటిదేలెండి" అని సర్దేసేది. గుంటూరు మిర్చియార్డులో బస్తాలు మోసేవాళ్ళ మోకాళ్ళు ఎలా అరుగుతున్నాయో చూడటం ఈ ఏడాది ప్రాజెక్టు. కూలీల్ని యూనివర్సిటీ ల్యాబుకు పిలిచి, కీళ్ళ మీద మెరిసే బిళ్ళలు అంటించి, కెమెరాల ముందు నడిపించారు. ఆ కెమెరాలకు మనిషి కనపడడు, బిళ్ళలే కనపడతాయి.

"ఈయన పేరేంటి?"

"పదకొండో నంబరమ్మా. పేర్లు నాకూ తెలియవు. తెలిస్తే లెక్క మనకు నచ్చినట్టు వేసుకుంటామని సార్ దాచిపెట్టించారు."

కెమెరాలు బిగించి, సరిచూసుకునేదాకా చైతన్య ల్యాబులోనే ఉన్నాడు. ఆ తర్వాత అటు రావద్దన్నారు. కూలీల్ని నడిపించి నంబర్లు వేసింది తోటి విద్యార్థిని ఆయేషా. లెక్కలు కట్టడం ఇతని వంతు.

పిచ్చమ్మ వేలితో తెర తాకింది. "ఎడంకాలు చూడు. కింద పెట్టబోయి, నేలను అడిగి పెట్టినట్టు కాస్త ఆగుతుంది. అప్పుడు భుజం ఒరుగుతుంది. మీ నాన్నరా ఇది."

పెళ్ళికి ముందు కనిగిరి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ కప్పు మీంచి పడి శివరామకృష్ణ ఎడంకాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆ తడబాటు పోలేదు. చిన్నప్పుడు చైతన్య ఆయన వెనకే, అడుగులో అడుగేస్తూ చేనికి పోయేవాడు. చైతన్యకు పదేళ్ళప్పుడు, మిరపతోట మొత్తం బొబ్బర తెగులుకు ముడుచుకుపోయిన ఏడు, ఒక పొద్దున చేనికని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. కాలవగట్టు మీద తువ్వాలు దొరికింది. మనిషి దొరకలేదు. "ఆయనకు ఈతొచ్చు" అన్న ఒక్క మాట పట్టుకుని పిచ్చమ్మ ఇన్నేళ్ళూ బొట్టు తియ్యలేదు. తమ్ముడు అంకమ్మరావు పోరగా పోరగా ఈమధ్యే తలూపింది. వచ్చే అమావాస్యకు దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయిద్దామనే చైతన్యను ఊరికి పిలిపించారు.

"అక్కా, అవి చుక్కలే! చుక్కల్ని చూసి మొగుడంటావా?" అన్నాడు అంకమ్మరావు.

"నీకు మీ బావ ముఖం గుర్తు. నాకు నడక గుర్తు. వాకిట్లో అడుగు పడితే పొయ్యి దగ్గర్నించే తెలిసేది నాకు. కర్మా లేదు, ఏం లేదు. ఆపించు."

"ఒరేయ్ అల్లుడూ, మీ అమ్మకు లేనిపోని ఆశలు పెట్టమాక!"

చైతన్య మళ్ళీ మీట నొక్కాడు. అమ్మ చెప్పాక అతనికీ ఆ చుక్కల్లో మనిషి కనబడటం మొదలైంది.

గుంటూరు వెళ్ళగానే ఆయేషాను అడిగాడు. లెక్కలు పూర్తయ్యేదాకా చెప్పకూడదంది. బతిమాలినా ఆ మాటే అంది. ఇక మిర్చియార్డుకు పోయాడు. కారం ఘాటుకు దగ్గుతూ, ముఖాలు వదిలేసి కాళ్ళు చూస్తూ తిరిగాడు. బస్తా కింద ఎడంకాలు ఈడుస్తున్న ఒకతని వెంట గేటుదాకా పరిగెత్తి, "నాన్నా!" అని పిలిచాడు.

అతను బస్తా దించి తిరిగాడు. ఎవరో ముసలాయన. "నన్నేనా బాబూ?"

"కాదండి. ఎవరో అనుకున్నా."

ఇక్కణ్ణించి తమ సత్తెనపల్లి ఎంత దూరం గనక! బతికే ఉంటే, ఇంత దగ్గర్లో బస్తాలు మోసుకుంటూ ఉంటే, ఒక్కసారైనా ఇంటికి ఎందుకు రాలేదు? నాన్న కాలవలో పోయాడని నమ్మినన్నాళ్ళూ చైతన్య ఏడ్చాడు గానీ ఇంత కోపం ఎరగడు. కళ్ళు మూస్తే చుక్కలు నడిచేవి. హాస్టల్లో ఖాళీ వరండాలో వెళ్తుంటే ఆ తడబడే అడుగు వెనకే వినబడేది. తను ఆగితే అదీ ఆగేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

"కనపడ్డారా?" అని అమ్మ రోజూ ఫోన్. చివరికి ఉండబట్టలేక తనే బస్సెక్కి వచ్చేసింది. చేతిలో క్యారియర్. అందులో గోంగూర పచ్చడి, చైతన్య ముట్టని కాకరకాయ వేపుడు. ల్యాబు బయట బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న మనిషి, వరండాలో అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, కొడుకును చూసి మళ్ళీ కూర్చుంది.

ఆమెను చూశాక, పేర్లు దాచమన్న శ్యామ్ సుందర్ సార్ మనసు మార్చుకున్నారు. "ప్రాజెక్టు సంగతి తర్వాత చూద్దాం. పేరు తీసి చెప్పమ్మా ఆయేషా."

"చెప్పు," అన్నాడు చైతన్య. "ఎక్కడున్నాడో చెప్తే చాలు. ఎందుకు రాలేదని ఒక్కమాట అడిగి వచ్చేస్తా."

ఆయేషా కంప్యూటర్లో వెతికింది. ఆగింది. మళ్ళీ వెతికింది.

"ఇతను యార్డు నుంచి వచ్చినవాడు కాదు."

"మరి?"

"మొదటిరోజు కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి ఒకర్ని నడిపించాం కదా. అది చెరిపెయ్యాల్సింది. నంబర్లు వేసేటప్పుడు మిగతావాటిలో కలిసిపోయింది."

పిచ్చమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఎవర్నమ్మా నడిపించింది?"

ఆయేషా ఆమె వంక చూసి, చైతన్య వైపు తిరిగింది.

"నిన్నే, చైతన్యా."